తుంగతో పదహారు నెలలు: పింటో వేరుశనగ పెంచిన నా అనుభవం

2023 జూన్ 11, ఆదివారం. ఉదయం ఏడున్నరకు మొదటి మొక్క నాటాను. తొమ్మిదిన్నరకు నలభయ్యో మొక్క నాటి, నడుము పట్టుకుని లేచి, "అమ్మయ్య, అయిపోయింది" అనుకున్నాను. ఆ నలభైలో ఇరవైమూడింటికి అప్పుడే నూకలు చెల్లాయని తెలియడానికి ఆరు వారాలు పట్టింది.

గేటు లోపల పన్నెండు అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు ఉన్న చోటు అది. సగానికి ఎండ, సగానికి చెట్టు నీడ. అంతకుముందు రెండుసార్లు పచ్చిక వేశాం. నీడ సగంలో బట్టతలలా నేల తేలింది. ఎండ సగంలో వారం వారం కోయలేక మేమే చేతులెత్తేశాం. కోత అక్కర్లేనిది, నేలను అంటుకుని పాకేది, పూసేది ఏదైనా ఉందా అని వెతుకుతుంటే పింటో వేరుశనగ కంటబడింది. పొలాల్లో పండే వేరుశనగకు దాయాది. జానెడు ఎత్తు, పసుపు పూలు, కణుపు కణుపుకూ వేరు, ఏళ్ల తరబడి ఆయుష్షు. నర్సరీలో అట్టముక్క మీద 'అరాచిస్' అని, వేరుశనగ కుటుంబపు శాస్త్రీయ నామం మాత్రం రాసి ఉంది. "రెండు నెలల్లో నేలంతా కప్పేస్తుందమ్మా, ఆ తర్వాత కలుపన్నదే రాదు" అని చెప్పి నలభై కవర్లు ఆటోలో ఎక్కించారు. ఆ మాటలో రెండో సగం చాలావరకు నిజం. మొదటి సగమే నా పదహారు నెలలు తినేసింది.

నాన్నకు ఫోన్ చేసి చెప్పాను. ముప్పై ఏళ్లు వేరుశనగ పండించిన మనిషి. కాసేపు ఏమీ అనలేదు. "కాయ కోసం కాకుండా వేరుశనగ వేసేవాళ్లను ఇప్పుడే చూస్తున్నానమ్మా" అన్నారు. "నేలలో తుంగ ఉందా?" అని కూడా అడిగారు. "అక్కడక్కడా ఉన్నట్టుంది, పారతో చెక్కేశాం" అన్నాను. "చెక్కేశారా..." అని ఊరుకున్నారు. ఆ సాగదీతలోని అర్థం నాకు అప్పుడు అందలేదు.

నేను చేసింది ఇదీ. పారతో పైపైన కలుపు చెక్కి, రెండు వానలు పడి నేల మెత్తబడగానే అడుగున్నర దూరంలో ఒక్కో మొక్క పెట్టాను. నలభై మొక్కలతో తొంభై ఆరు చదరపు అడుగులు నింపాలంటే అంత దూరం తప్పదు. మొక్కల దగ్గర పొదుపు చేశానని అప్పుడు నా భుజం నేనే తట్టుకున్నాను.

రెండో రోజు రాత్రి భోజనాలయ్యాక టార్చి పట్టుకుని చూడటానికి వెళ్లి అదిరిపడ్డాను. అన్ని మొక్కలూ వాలిపోయి ఉన్నాయి! దీని ఆకులో నాలుగు చిట్టి రేకులు ఉంటాయి, రెండు జతలుగా. పగలు వెడల్పుగా పరుచుకుని కనిపించిన ఆ రేకులు ఒకదానికొకటి అతుక్కుని, నమస్కారం పెట్టినట్టు ముడుచుకుపోయాయి. నీళ్లు చాలలేదనుకుని రెండు బిందెలు పోశాను. పొద్దున్నే చూస్తే అన్నీ చక్కగా విచ్చుకుని ఉన్నాయి. నీళ్లే కాపాడాయనుకున్నాను. ఆ రాత్రి మళ్లీ ముడుచుకున్నాయి, మళ్లీ రెండు బిందెలు. ఇలా ఐదు రాత్రులు. ఆరో రోజు నాన్న ఫోన్‌లో ఈ సంగతి విని గట్టిగా నవ్వారు. "వేరుశనగ రాత్రి నిద్రపోతుందమ్మా. నిద్రపోయేవాళ్ల మీద ఎవరైనా నీళ్లు పోస్తారా?" పొలంలో వేరుశనగ రాత్రిపూట ఎలా ఉంటుందో నేను చిన్నప్పుడు ఒక్కసారైనా చూడలేదని అప్పుడు గుర్తొచ్చి సిగ్గేసింది.

అప్పటికే నేల బురదగా ఉంది. ఎండ సగంలోని మొక్కలకు ఇంకో కష్టం వచ్చింది. నర్సరీలో ఆకుపచ్చ వల కింద పెరిగిన మొక్కలను తెచ్చి ఒక్కసారిగా నడినెత్తి ఎండలో నాటాను. పన్నెండో రోజుకు ఆకుల అంచులు కాగితం కాలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. వారం రోజులు సగం ఎండలో ఉంచి అలవాటు చేసి ఉంటే సరిపోయేది. ఆ ముక్క నర్సరీవాళ్లు చెప్పలేదు, నేను అడగలేదు.

ఇరవయ్యో రోజు తుంగ లేచింది.

మొదట సూదుల్లాంటి మొనలు పది, పదిహేను. మూడు రోజులకు లెక్క తప్పిపోయింది. నేను పోసిన బిందెల కొద్దీ నీళ్లు ఎవరికి ఒంటబట్టాయో అప్పుడు తెలిసింది. తుంగ కాడను వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు పలకలు తగులుతాయి, గడ్డి కాడలా గుండ్రంగా ఉండదు. పీకితే మెడ దగ్గర పుటుక్కున తెగి చేతిలోకి వస్తుంది, గడ్డ లోపలే ఉంటుంది. వారం తిరగకుండా అదే చోట రెండు లేస్తాయి. జూలై మూడో వారానికి నా మొక్కలు ఎక్కడున్నాయో చెయ్యి పెట్టి తడిమి వెతుక్కోవాల్సి వచ్చింది. మా వారు ఆఫీసుకు వెళ్తూ గేటు దగ్గర ఆగి, "పచ్చగా బాగానే కప్పేసిందే" అన్నారు. ఆయన నిజంగానే మెచ్చుకున్నారు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

జూలై 22 శనివారం నాన్న వచ్చారు. చెప్పులు విప్పకుండానే చిన్న గునపం తీసుకుని ఒక తుంగ మొక్క చుట్టూ నెమ్మదిగా తవ్వి, మట్టి విదిల్చి నా అరచేతిలో పెట్టారు. నల్లటి గడ్డ, దాని నుంచి తీగలాంటి వేరు, ఆ వేరు చివర ఇంకో గడ్డ, అక్కడి నుంచి ఇంకో వేరు. దారానికి గుచ్చిన పూసల్లా ఐదు గడ్డలు. ఒకటి గోటితో గిల్లి వాసన చూడమన్నారు. తుంగముస్తల సువాసన. అంత శత్రువుకు అంత మంచి వాసన ఏమిటో!

"పైన మొక్క ఉన్నంతకాలం ఈ దండలో మిగతా గడ్డలు చాలావరకు నిద్రలో ఉంటాయి. నువ్వు పారతో చెక్కినప్పుడు దండ తెగింది. తెగిన ప్రతి ముక్కా లేచింది" అన్నారు. అంటే నాటడానికి ముందు నేను కలుపు తీయలేదు. కలుపును నిద్రలేపాను.

నల్ల ప్లాస్టిక్ పట్టా పరిచేద్దామా అని అడిగాను. తుంగ మొన పట్టాను చీల్చుకుని పైకి వస్తుందని చెప్పారు. నమ్మకం కుదరక ఒక మూల రెండడుగుల ముక్క పరిచి చూశాను. తొమ్మిదో రోజు పట్టాకు నాలుగు చిల్లులు, చిల్లుకో మొన.

జూలై 23న అంతా పీకేశాం. బతికి ఉన్న పదిహేడు పింటో మొక్కలను వేరు మట్టితో సహా లేపి తొట్లలో పెట్టాను. నలభైకి పదిహేడు! మొక్కలకు పెట్టిన డబ్బులో సగానికి పైగా పోయిందన్నమాట. కానీ నాకు డబ్బు కన్నా ఆ ఆరు వారాలే ఎక్కువ బాధించాయి. వానాకాలంలో సగభాగం చేజారింది.

ఆ తర్వాతి ఆరు వారాల్లో చూపించడానికి ఏమీ లేదు. ఈ కథలో అసలు పని జరిగింది మాత్రం అప్పుడే. జానెడు లోతు మట్టి మొత్తం తవ్వి, ఇసుక జల్లించే జల్లెడను ఏటవాలుగా నిలబెట్టి, పారతో మట్టి దాని మీద విసిరాం. తుంగ గడ్డలు ఎక్కువగా ఆ పై జానెడులోనే ఉంటాయి. తడి మట్టి జల్లెడకు పట్టుకుపోయి ఒక్క పారెడు కూడా దిగదని మొదటి గంటలోనే తేలింది. మట్టి ఆరడానికి వాన తెరిపి కోసం చూడాలి. అలా ఆగి ఆగి చేస్తే తొంభై ఆరు చదరపు అడుగులకు మాకు నాలుగు ఆదివారాలు పట్టింది. మొత్తం మూడు బకెట్ల గడ్డలు దిగాయి. వాటిని చెత్తకుప్పలో పడేస్తే అక్కడా మొలుస్తాయని, గచ్చు మీద పరిచి వారం రోజులు ఎండలో పెట్టాను. చేత్తో నొక్కితే పొడిపొడిగా చిట్లేదాకా ఎండాకే పారేశాను.

జల్లెడతో అయిపోలేదు. జల్లించిన చోటు నుంచి మొదలుపెట్టి ఖాళీ నేలకు నీళ్లు పెట్టి, మొలిచేదాకా ఆగి, మొలిచినదాన్ని గడ్డతో సహా గునపంతో లేపాలి. అలా మూడు విడతలు. మొదటి విడతలో డెబ్బై రెండు మొలకలు, రెండో విడతలో ముప్పై, మూడో విడతలో పదకొండు. నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను, అందుకే ఇంత కచ్చితంగా చెబుతున్నాను. నీళ్లు పెట్టి కలుపును పిలిచి మరీ పీకడం నాకు మొదట్లో పిచ్చిపనిలా తోచింది. డెబ్బై రెండు పదకొండుకు దిగినప్పుడు తోచలేదు.

ఈలోగా తొట్లలోని పదిహేడు మొక్కలు కోలుకుని తీగలు సాగాయి. మళ్లీ కొనడానికి మనసు ఒప్పలేదు. కొమ్మ ముక్కలతోనే మొక్కలు చేద్దామని ఆగస్టు 6న మొదలుపెట్టాను. జానెడుకు కాస్త తక్కువ పొడవు, నాలుగు కణుపులు ఉండేలా కత్తిరించి, కింది రెండు కణుపుల ఆకులు తుంచి, ఆ రెండూ మట్టిలోకి పోయేలా గుచ్చాను. ఇసుక, చివికిన ఆకు ఎరువు సగం సగం కలిపిన మట్టి. వరండా నీడలో పెట్టి పైన తడి గుడ్డ కప్పాను. పన్నెండు ముక్కలను గ్లాసు నీళ్లలో కూడా పెట్టి చూశాను. నాకైతే అవి కుళ్లి కంపు కొట్టాయి.

మట్టిలో గుచ్చిన నూట అరవైలో మొదటి పది రోజులు ఒక్కటీ కదల్లేదు. కొన్ని ఆకులు రాల్చి పుల్లల్లా నిలబడ్డాయి. రోజూ ఒకటి పీకి వేరు వచ్చిందేమోనని చూసి మళ్లీ గుచ్చడం నా దరిద్రపు అలవాటు. అలా పీకినవి ఏవీ బతకలేదు. ఇరవై మూడో రోజున తొట్టి అడుగు చిల్లులోంచి తెల్లని వేరు కొన ఒకటి బయటికి తొంగిచూసింది. పుల్లల్లా ఉన్నవాటిలో కూడా చాలా వాటికి కణుపు దగ్గర వడ్లగింజంత పచ్చని మొగ్గ వచ్చింది. ఆకు రాలితే చచ్చిందనుకోకూడదు. నెలాఖరుకు నూట ఇరవై ఒకటి లెక్క తేలాయి, పైసా ఖర్చు లేకుండా.

సెప్టెంబరు 3, ఆదివారం, రెండోసారి నాటాను. ఈసారి పదకొండు అంగుళాల దూరం. నూట పద్నాలుగు మొక్కలు పట్టాయి. మిగిలిన ఏడింటిని, చచ్చినవాటి చోట పెట్టడానికి తొట్లో ఉంచాను. సాయంత్రం నాలుగు తర్వాత నాటి, ఒకసారి మాత్రం పదును అందేలా నీళ్లు పోసి వచ్చేశాను. రాత్రి టార్చి తియ్యలేదు.

తర్వాత మళ్లీ ఎదురుచూపు. పింటో మొదటి రెండు నెలలూ పైకి కనిపించే పని దాదాపు ఏమీ చెయ్యదు, వేరు దించుకుంటుంది. ఆ ఖాళీ రాత్రుల్లో ఒకరోజు ఈ మొక్క పేరు సంగతి చదివాను. బ్రెజిల్‌లోని బహియా రాష్ట్రంలో 1954లో జెరాల్డో పింటో అనే ఆయన దీన్ని సేకరించారు. ఆయన పేరుతోనే శాస్త్రీయంగా నామకరణం జరిగి అచ్చులోకి వచ్చింది 1994లో. పేరు కోసమే నలభై ఏళ్లు ఆగిన మొక్క నా రెండు నెలల తొందర ఏం పట్టించుకుంటుంది!

కలుపు మాత్రం ఆగలేదు. ఆదివారం పొద్దున్నే పీట వేసుకుని కూర్చోవడం, మొదట్లో రెండున్నర గంటలు. తుంగ తక్కువే, గరిక, చిన్నా చితకా మొక్కలు ఎక్కువ. అక్టోబరులో ఒక తెలివితక్కువ పని చేశాను. ఎదుగుదలకు ఊపు ఇద్దామని గుప్పెడు యూరియా చల్లాను. పది రోజుల్లో గరిక నవనవలాడింది, పింటో ఉన్నచోటే ఉంది. నాన్నకు చెబితే, "పప్పుజాతి మొక్కకు యూరియా ఎందుకమ్మా? దాని నత్రజని అది తయారుచేసుకుంటుంది. నువ్వు విందు పెట్టింది కలుపుకు" అన్నారు. ఆ నెల నా కలుపు లెక్క మళ్లీ వారానికి మూడు గంటలకు ఎక్కింది.

అక్టోబరు 21న మొదటి పువ్వు. శనివారం ఉదయం ఎనిమిదికి చూశాను. చిటికెన వేలి గోరు కన్నా కాస్త పెద్దది, చిక్కటి పసుపు. వెనుక రేక మీద సన్నని గీతలు, పల్చని కాగితం మీద పెన్సిలుతో గీసినట్టు. సన్నని కాడ మీద నిలబడినట్టు ఉంటుంది కానీ అది కాడ కాదు, పువ్వులోని భాగమే. సన్నని గొట్టం. పిందె కట్టే భాగం ఆ గొట్టం అడుగున, ఆకు మొదట్లో దాక్కుని ఉంటుంది. ఇది నాన్న పూరేకులు విప్పి చూపించినప్పుడు తెలిసింది. సాయంత్రానికి ఆ పువ్వు వాడిపోయింది. ఒక్క రోజు పువ్వు. మర్నాడు ఇంకోటి, దాని మర్నాడు రెండు. అంత చిన్న పువ్వు కోసం పొద్దున్నే కాఫీ గ్లాసుతో గేటు దగ్గర నిలబడతానని ఎవరైనా ముందే చెబితే నమ్మేదాన్ని కాదు.

నవంబరు రెండో వారంలో ప్రహరీ గోడ వెంబడి ఉన్న ఒక వరుస రంగు మారింది. లేత ఆకులు మొదట నిమ్మపండు రంగుకు, తర్వాత దాదాపు తెల్లగా పాలిపోయాయి. ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ముదురు ఆకులకు ఏమీ కాలేదు. తెగులేమో, మిగతావాటికి అంటుకుంటుందేమోనని ఆ వరుస మొత్తం పీకడానికి సిద్ధపడ్డాను. పీకేముందు ఫొటో తీసి నాన్నకు పంపాను. నిమిషంలో ఫోన్ వచ్చింది.

"పీకకు. అది ఇనుము అడుగుతోంది. గోడ పక్క మట్టిలో సున్నం ఉండి ఉంటుంది, చూడు."

నిజమే. గోడకు గిలాబా చేసినప్పుడు రాలిన సిమెంటు పెళ్లలు అక్కడే మట్టిలో కలిసిపోయి ఉన్నాయి. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. వేరుశనగ రైతులకు ఇది పాత సంగతి. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది (ఇనుము ఉండే లవణం), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి, ఆ వరుస ఆకులు తడిసేలా సాయంత్రం పిచికారీ చేశాను. పది రోజులకు మరోసారి. మొదటి పిచికారీ అయిన ఎనిమిదో రోజుకే కొత్త ఆకు పచ్చగా వచ్చింది. సిమెంటు పెళ్లలు ఏరి, రెండు తట్టల చివికిన పశువుల ఎరువు వేశాక మళ్లీ ఆ జబ్బు రాలేదు. ఎవరూ చెప్పనిది ఒకటి ఉంది: అన్నభేది నీళ్లు పక్కనున్న తెల్ల గచ్చు మీద పడితే తుప్పు రంగు మరక పడుతుంది. ఎంత తోమినా పోదు. నా పాత చీర అంచుకూ ఆ మరక ఉంది. పిచికారీ చేసే ముందు గచ్చు మీద గోనెసంచి పరచండి.

డిసెంబరు, జనవరి గురించి రాయడానికి ఏమీ లేదు. చలికి మొక్క ముడుచుకుంది. నేను కూడా అంతే.

ఫిబ్రవరి నెలాఖరు నుంచి కథ మారింది. ఒక ఆదివారం పీట వేసుకుని కూర్చుంటే ఇరవై నిమిషాల్లో పని అయిపోయింది. ఏదో మర్చిపోయానేమో అనుకుని మళ్లీ ఒక చుట్టు తిరిగి చూశాను. ఒక మొక్క తీగ పక్క మొక్క తీగ మీదుగా ఎక్కి, రెండూ ఒకేచోట వేర్లు దించుకున్నాయి. మధ్యలో మట్టి కనిపించట్లేదు. అప్పటిదాకా కలుపు తీతకు నేను కూర్చున్న గంటలు కూడితే ముప్పై నాలుగు. జల్లెడ పని అందులో కలపలేదు, కలపాలంటే భయమేసింది.

ఎండలో ఉన్న సగం, నీడలో ఉన్న సగం రెండు వేరు మొక్కల్లా పెరిగాయి. ఎండవైపు నాలుగు వేళ్ల ఎత్తులో నేలకు అతుక్కుని, ఆకు చిన్నదై, పూలు విరివిగా ఉన్నాయి. నీడవైపు ఆకు పెద్దది, ముదురు రంగు, ఎత్తు జానెడు దాటింది, పూలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చెట్టు కింద పూల తివాచీ కావాలనుకుని ఇది వేస్తే నిరాశే. పచ్చదనం చాలనుకుంటే ఇంతకన్నా మంచిది నాకు తెలియదు. పచ్చిక రెండుసార్లు ఓడిపోయిన చోటు అది.

ఏప్రిల్, మే ఎండలకు మళ్లీ గుండె జారింది. నైరుతి మూల ఆకులు దుమ్ము పట్టినట్టు వెలిసిపోయాయి. ఆకు తిప్పి చూస్తే సన్నని గూడు, అందులో కదిలే ఎర్రటి చుక్కలు. ఎర్రనల్లి. మందు జోలికి పోలేదు. పైపు చివర వేలితో నొక్కి నీళ్లు ఆకుల అడుగుభాగానికి గట్టిగా తగిలేలా రోజు విడిచి రోజు, పది రోజులు కొట్టాను. చాలావరకు పోయింది. మే నడిమికి ఎండవైపు సగం ఆకు రాలి తీగలు బయటపడ్డాయి. గత జూన్‌లో అయితే బిందెలు ఎత్తేదాన్ని. ఈసారి వారానికి రెండు తడులు ఇచ్చి ఊరుకున్నాను. మొదటి గట్టి వాన పడిన తొమ్మిది రోజులకు కణుపు కణుపుకూ ఆకు వచ్చింది.

2024 జూన్ 9, ఆదివారం. మొదటి నాటుకు ఏడాది. నాన్న వచ్చారు. ఈసారి చెప్పులు విప్పి, తివాచీ మీద అడుగు వెయ్యవచ్చా అని అడిగారు! అప్పుడప్పుడు ఒక అడుగు పడితే తట్టుకుంటుంది కానీ, రోజూ నడిచే చోట బాట పడిపోతుంది. మీటరు చూసే అబ్బాయి నెలకోసారి నడిస్తే ఏమీ కాలేదు. మా వారు బండికి అడ్డదారిగా వాడుకున్న చోట మాత్రం మట్టి తేలింది. అక్కడ మూడు రాతి పలకలు వేయాల్సి వచ్చింది.

నాన్న ఒక మూల మట్టిని వేళ్లతో పెకలించి చూశారు. వాడిపోయిన పూల కింద నుంచి సన్నని ఊడలు మట్టిలోకి దిగి ఉన్నాయి. ఒక ఊడను పట్టుకుని లాగితే జానెడు దూరం వచ్చి, చివర చిన్న కాయ. లోపల గింజ ఒక్కటే. "ఎకరాకు ఎంత దిగుతుందో లెక్క వెయ్యమంటావా?" అని నవ్వారు. తర్వాత ఒక వేరును పట్టుకుని దాని మీది ఆవగింజంత బుడిపెను గోటితో చిదిమి నాకు చూపించారు. లోపల గులాబీ రంగు. "పనిచేస్తోంది" అన్నారు. బుడిపె లోపల ఆ రంగు ఉంటే గాలిలోని నత్రజనిని పట్టే సూక్ష్మజీవులు బతికి పనిలో ఉన్నట్టు. నా యూరియా సంచి ఇంకా మెట్ల కింద సగం అలాగే ఉందని ఆయనకు చెప్పలేదు.

కాయలున్న సంగతి నాన్న కంటే ముందే ఉడుతలకు తెలుసు. సాయంత్రానికి అక్కడక్కడా గిన్నె బోర్లించినంత గుంటలు కనిపించేవి. నేను ఎలుకలనుకున్నాను, కాదు. గుంటలు చేత్తో పూడ్చేస్తే రెండు వారాల్లో తీగ మూసేస్తుంది. వాటికి మందులు పెట్టే ఆలోచన చెయ్యలేదు. ఇంత చాకిరీ చేశాక పంట ఎవరో ఒకరు తినాలి కదా.

కోత పని ఉండదని వేసిన మొక్కకు అంచు పని ఉందని వానాకాలంలో తెలిసింది. తీగ గచ్చు మీదికి పాకుతుంది, గులాబీ పాదులోకి దూరుతుంది. మూడు వారాలకోసారి పదునైన పారతో అంచు వెంబడి గీత గీసినట్టు కోస్తున్నాను. ఇరవై నిమిషాల పని. కోసిన ముక్కలు తడి మట్టి మీద వదిలేస్తే అక్కడే వేరు పట్టేస్తాయి. ఏరి తీరాలి. నిరుడు వరండాలో తడి గుడ్డ కప్పి బతిమాలితే రాని వేర్లు ఇప్పుడు వద్దన్నా వస్తున్నాయి.

2024 అక్టోబరు 13, పొద్దున్న. ఎదురింటావిడ గేటు దగ్గర నిలబడి పూలు చూస్తూ, "ఎంత తేలిగ్గా పెరిగిపోయిందండీ! నాలుగు కొమ్మలు ఇస్తారా? మా గేటు పక్కన గుచ్చేస్తాను" అన్నారు.

"మీ నేలలో తుంగ ఉందా?" అని అడిగాను.

"కొంచెం ఉందండీ. మొన్ననే పనమ్మాయితో చెక్కించేశాను."

"చెక్కించేశారా..." అన్నాను. నోట్లోంచి వచ్చింది అచ్చం నాన్న గొంతే.

కొమ్మలు తర్వాత ఇస్తానని చెప్పి, మెట్ల కింద నుంచి జల్లెడ తెచ్చి ఇచ్చాను. ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎందుకో అడగడానికి మొహమాటపడుతూ వెళ్లిపోయారు.